హీరో వచ్చి ఓటెయ్యమంటే ఆ మాటకు పూచీ ఎవరిది?

కుందూగట్టు · శనివారం రాత్రి 9:12

మా మేనల్లుడితో మొదలైన వాదన ఇంట్లో తేలలేదు. అందుకే ఇక్కడికి తెచ్చాను.

2024 మే 11. ఆంధ్రప్రదేశ్‌లో ప్రచారానికి ఆఖరు రోజు, సాయంత్రం ఆరింటికి మైకులు కట్టెయ్యాలి. ఆ ఉదయం నంద్యాలలో నాన్నగారి బీపీ మాత్రల కోసం బయలుదేరాను. రెండు సందులు దాటేసరికి ముందుకూ వెనక్కూ కదలడానికి లేదు. గోడల మీద కుర్రాళ్ళు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద కుర్రాళ్ళు. అల్లు అర్జున్ తన స్నేహితుడు, వైసీపీ అభ్యర్థి శిల్పా రవిచంద్రకిశోర్ రెడ్డి ఇంటికి వచ్చారట. నా పక్కన పదేళ్ళ పిల్లవాడు ఒక కాలికే చెప్పుతో నిలబడి నవ్వుతున్నాడు. రెండోది ఎక్కడ ఊడిపోయిందో వాడికి పట్టనే లేదు. మాత్రలు సాయంత్రానికి గానీ దొరకలేదు.

తర్వాత కథ మీకు తెలిసిందే. అనుమతి లేకుండా జనాన్ని పోగుచేశారని ఇద్దరి మీదా కేసు పెట్టారు. ముందుజాగ్రత్త తీసుకోలేదని పోలీసు అధికారుల మీద ఎన్నికల సంఘం శాఖాపరమైన విచారణకు ఆదేశించింది. నవంబరు 6న హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. ఈలోగా రవి గారు ఓడిపోయారు, టీడీపీ నుంచి ఫరూఖ్ గారు గెలిచారు.

కేసు సంగతి నాకు అక్కర్లేదు. తనకు ఏ పార్టీతోనూ సంబంధం లేదని, స్నేహితుడికి ఇచ్చిన మాట కోసం వెళ్ళానని అల్లు అర్జున్ పోలింగు రోజున చెప్పారు. "అంతకన్నా నిజాయతీ ఏముంటుంది మామా?" అంటాడు మేనల్లుడు. స్నేహం ఆయనది సరే, ఎమ్మెల్యే మాకు కదా అంటాను నేను. మంచి స్నేహితుడైనవాడు మంచి ఎమ్మెల్యే అవుతాడో లేదో ఆయన ఒక్క క్షణమైనా ఆలోచించారా? ఆలోచించవలసిన పని ఆయనకు ఉందా, లేదా? చెప్పండి.

---

మొదటి ఆట · రాత్రి 9:31

లేదు. ఒక్క ముక్కలో చెప్పేశాను.

ఊళ్ళో డాక్టరు "ఫలానావారికి వెయ్యండి" అంటే పౌరుడి హక్కు. లెక్చరర్ అంటే చైతన్యం. హీరో అంటే మాత్రం బాధ్యతారాహిత్యమా? ఆయనకూ ఓటు ఉంది, నోరు ఉంది.

పైగా అదే రోజు రామ్‌చరణ్ తల్లిగారితో, అల్లు అరవింద్ గారితో కలిసి పిఠాపురం వెళ్ళారు. కుక్కుటేశ్వరస్వామి గుడి దగ్గర జనం నంద్యాలకు ఏమీ తక్కువ లేరు. అంతకు నాలుగు రోజుల ముందు చిరంజీవి గారు పిఠాపురంలో నిలబడ్డ తమ్ముడు పవన్ కల్యాణ్‌కు ఓటెయ్యమని వీడియో పెట్టారు. దాని మీద ఎవరూ ఇలా చర్చలు పెట్టలేదు. మనవాళ్ళు చేస్తే ప్రేమ, పక్కవాళ్ళు చేస్తే పూచీకత్తు అడుగుతారు.

---

కుందూగట్టు · రాత్రి 9:38

పిఠాపురానికీ అదే ప్రశ్న వేస్తాను తమ్ముడూ. నా మాత్రలు నంద్యాలలో ఆగిపోయాయి కాబట్టి నంద్యాల నుంచి మొదలుపెట్టాను.

---

నిర్వాహకుడు · రాత్రి 9:40

ముందే చెబుతున్నాను. ఏ హీరో గొప్ప, ఏ పార్టీ గొప్ప అన్న పోస్టులు తీసేస్తాను. పోయిన నెల ఒక చర్చను 212వ పోస్టు దగ్గర మూయవలసి వచ్చింది. నాకూ ఇంట్లో పిల్లలు ఉన్నారు, నిద్ర ఉంది.

---

నల్లకోటు · రాత్రి 10:05

న్యాయవాదిగా ఒక విచిత్రం చూపిస్తాను.

మీ హీరో ఒక తలనూనె ప్రకటనలో కనిపించి "నెలలో జుట్టు వస్తుంది" అన్నారు, అది అబద్ధమని తేలింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 21వ సెక్షన్ కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆయనకు 10 లక్షల వరకూ జరిమానా వేయవచ్చు. మళ్ళీ చేస్తే 50 లక్షల వరకూ. ఏడాదిపాటు, మళ్ళీ చేస్తే మూడేళ్ళపాటు ఏ వస్తువునూ ప్రచారం చేయకుండా నిషేధించవచ్చు. తప్పించుకోవడానికి ఒక దారి ఉంది. ఒప్పుకునే ముందు ఆ మాట నిజమో కాదో తగినంత శ్రద్ధతో విచారించానని చూపించాలి. 2022 మార్గదర్శకాల ప్రకారం కంపెనీతో డబ్బు సంబంధమో వాటా సంబంధమో ఉంటే అదీ బయటపెట్టాలి.

అదే హీరో ఒక అభ్యర్థి భుజం మీద చెయ్యి వేసి "ఈయన మీ ఊరి రాత మారుస్తారు" అంటే ఈ చట్టం వర్తించదు. అభ్యర్థి వస్తువూ కాదు, సేవా కాదు. నూనె సీసాకు ఉన్న రక్షణ ఓటుకు లేదు.

---

రిటైర్డ్ పీవో · రాత్రి 10:22

నల్లకోటు గారి మాటతో నా కడుపు నిండింది. నేను ముప్పయ్యేళ్ళు బడిపంతులుగా, అందులో తొమ్మిది ఎన్నికలకు ప్రిసైడింగ్ అధికారిగా పనిచేశాను. ఒకసారి ఒక అమ్మాయి, కొత్త ఓటరు, యంత్రం ముందు నిలబడి బయటికి తల పెట్టి నన్ను అడిగింది: "సార్, మా హీరో గుర్తు ఏది?" ఆ హీరో పోటీలోనే లేడు. ఎవరికో ప్రచారం చేసిపోయాడు. అభ్యర్థి పేరు ఆ పిల్లకు తెలియదు. నేను చెప్పకూడదు. "అమ్మా, అక్కడ పేర్లు ఉన్నాయి చదువుకో" అన్నాను. చాలాసేపటికి బీప్ వినబడింది. ఏం నొక్కిందో ఆ పిల్లకే తెలియాలి.

కాబట్టి నూనెకు ఉన్నట్టే దీనికీ చట్టం తేవాలి. అబద్ధం చెప్పి ఓటు అడిగిన తారకు జరిమానా పడాలి.

---

నల్లకోటు · రాత్రి 10:41

మాస్టారూ, అక్కడ నేను మీతో లేను. నూనె జుట్టు మొలిపించిందో లేదో ప్రయోగశాల చెబుతుంది. ఎమ్మెల్యే ఊరి రాత మార్చాడో లేదో ఎవరు చెబుతారు? ఆ అధికారం చేతికి వచ్చిన ప్రభుత్వం ముందుగా ఎవరి మీద వాడుతుంది? ఎదుటి పార్టీకి మాట సాయం చేసిన నటుడి మీద. తన వైపు మాట్లాడినవాడి ఫైలు కదలదు. చట్టం వద్దు. అయితే చట్టం వద్దన్నంత మాత్రాన బాధ్యత లేదని కాదు. ఆ "తగినంత శ్రద్ధతో విచారించడం" అన్న మాటను మాత్రం అక్కడి నుంచి అరువు తెచ్చుకోవచ్చు.

అభ్యర్థి నామినేషన్‌తోపాటు 26వ నమూనా అఫిడవిట్ ఇస్తాడు. తనపై ఉన్న కేసులు, భార్యాపిల్లల పేరిట ఆస్తులు, అప్పులు, ప్రభుత్వానికి కట్టవలసిన బకాయిలు, చదువు, ఐదేళ్ళ ఆదాయపు పన్ను లెక్క అన్నీ అందులో ఉంటాయి. 2002లో, మళ్ళీ 2003లో సుప్రీంకోర్టు తీర్పులు ఇస్తే గానీ మనకు ఈ వివరాలు దక్కలేదు. ఇప్పుడు ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. చదవడానికి అరగంట పడుతుంది. ఓటు అడగడానికి వచ్చే తార కారులో కూర్చుని ఆ అరగంట చదివారా? నేను అడిగేది అంతే.

---

మొదటి ఆట · రాత్రి 10:50

మీరు చదివారా మీ అభ్యర్థిది?

---

నల్లకోటు · రాత్రి 10:52

చదివాను. మా ఆవిడను అడగండి, భోజనం చల్లారిపోయిందని తిట్టింది కూడా.

---

చెన్నపట్నం · రాత్రి 11:15

నేను మైలాపూరులో పుట్టి పెరిగిన తెలుగువాడిని. ఈ వ్యాధికి ఆసుపత్రి మా ఊరే కాబట్టి రెండు పాత కేసుషీట్లు.

1996లో జయలలిత మళ్ళీ గెలిస్తే తమిళనాడును దేవుడు కూడా కాపాడలేడని రజనీకాంత్ అన్నారు. డీఎంకే, తమిళ మానిల కాంగ్రెస్ కూటమి ఊడ్చేసింది. ఆ ఒక్క మాటతోనే ప్రభుత్వం పడిపోయిందని మా వీధిలో ఇప్పటికీ నమ్మేవాళ్ళు ఉన్నారు. అప్పటికే జనం మండిపోయి ఉన్నారు, ఆయన దానికి ఒక వాక్యం ఇచ్చారు అని నా అభిప్రాయం.

2002లో ఒక సినిమా విషయంలో ఆయనకు పీఎంకే అనే తమిళ పార్టీ వాళ్ళతో గొడవ వచ్చింది. 2004 లోక్‌సభ ఎన్నికల్లో ఆ పార్టీ పోటీచేసిన 6 స్థానాల్లో దానికి వ్యతిరేకంగా పనిచేయమని అభిమానులకు చెప్పారు. నదుల అనుసంధానం కోసం తన ఓటు బీజేపీ, అన్నాడీఎంకే కూటమికి అన్నారు. పీఎంకే ఆ 6 స్థానాలూ గెలిచింది. తమిళనాడు, పుదుచ్చేరి కలిపి 40 సీట్లలో ఆ కూటమికి ఒక్కటీ రాలేదు.

మనిషి అతడే, అభిమానులు వాళ్ళే, మధ్యలో ఎనిమిదేళ్ళు. కాబట్టి "హీరో చెబితే జనం గొర్రెల్లా వేస్తారు" అన్న మాటను దయచేసి పక్కన పెట్టండి. ఓటరుకు అది అవమానం.

---

మల్లేశ్వరం మామయ్య · రాత్రి 11:34

బెంగళూరు నుంచి. చెన్నపట్నం గారు చెప్పింది సగం నిజం. మా పక్క మండ్యలో 2019లో సుమలత స్వతంత్ర అభ్యర్థిగా నిలబడితే కన్నడ హీరోలు దర్శన్, యశ్ ఇద్దరూ ఎండలో ఊరూరూ తిరిగారు. జనం "జోడెత్తులు" అన్నారు వాళ్ళను, అంటే కన్నడంలో జంట ఎద్దులు. ఎదురుగా జేడీఎస్ నుంచి ముఖ్యమంత్రి కుమారస్వామి కొడుకు నిఖిల్, ఆయనా నటుడే. సుమలత 1,25,876 ఓట్ల మెజారిటీతో గెలిచారు. అయితే అక్కడ చనిపోయిన ఆమె భర్త, నటుడు అంబరీశ్ మీద ప్రేమ ఉంది, బీజేపీ మద్దతు ఉంది, జేడీఎస్ మీద కోపం ఉంది. ఎడ్లు లాగాయి, నిజమే. బండి వాలులో ఉన్న సంగతి కూడా చెప్పాలి.

ఐదేళ్ళు తిరిగేసరికి సుమలత బీజేపీలో ఉన్నారు. ఆ జోడెత్తుల్లో ఒకరైన దర్శన్ అదే మండ్యలో కాంగ్రెస్ అభ్యర్థికి ప్రచారం చేశారు. మనసు మార్చుకోవడం నేరం కాదు. 2019లో ఆయన మాట విని వేసినవాడికి 2024లో ఒక్క వాక్యం సంజాయిషీ బాకీ ఉందా లేదా అన్నదే నాకు తెగని లెక్క.

2023లో కన్నడ హీరో సుదీప్ వ్యవహారం కూడా ఉంది. ముఖ్యమంత్రి బొమ్మై పక్కన కూర్చుని, ఆయన నాకు మామ లాంటివారు, కష్టకాలంలో అండగా నిలిచారు, ఆ కృతజ్ఞతతో మద్దతిస్తున్నాను అన్నారు. ఎన్నికలయ్యేదాకా ఆయన సినిమాలు, ప్రకటనలు ఆపించాలని ఎన్నికల సంఘానికి ఫిర్యాదులు వెళ్ళాయి. బొమ్మై గెలిచారు, ఆయన పార్టీ బీజేపీ 66 సీట్ల దగ్గర ఆగిపోయింది. నంద్యాల స్నేహం, బెంగళూరు కృతజ్ఞత ఒకే బడిలో చదువుకున్నాయి.

---

మొదటి ఆట · రాత్రి 11:41

చూశారా, మీరే ఒప్పుకుంటున్నారు. హీరో మాటతో గెలుపోటములు తేలడం లేదు. తేలనప్పుడు ఇంత బాధ్యత ఎందుకు నెత్తిన పెడుతున్నారు?

---

చెన్నపట్నం · రాత్రి 11:44

బాణం గురి తప్పితే వేసినవాడికి పూచీ ఉండదా?

---

లెక్కల పద్దు · ఆదివారం ఉదయం 6:20

రాత్రంతా మీరు సిద్ధాంతం మాట్లాడారు. నేను పద్దు మాట్లాడతాను. రెండు అసెంబ్లీ ఎన్నికల్లో ఒక అభ్యర్థికి ఖర్చుల ఏజెంటుగా ఉన్నాను. ఊరు, పేరు, పార్టీ అడగవద్దు.

హీరో వస్తున్నాడంటే అభ్యర్థికి పండగ, నాకు జ్వరం. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. హీరో పార్టీ సభ్యుడై, పార్టీ ముందుగా పంపిన స్టార్ క్యాంపెయినర్ల జాబితాలో ఉంటే ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్ ప్రకారం ఆయన ప్రయాణ ఖర్చు అభ్యర్థి ఖాతాలో పడదు. గుర్తింపు ఉన్న పార్టీకి 40 పేర్ల దాకా ఇవ్వవచ్చు. జాబితాలో లేని హీరో స్నేహం కొద్దీ వస్తే ప్రతి రూపాయీ అభ్యర్థిదే.

ఇక సభ. అభ్యర్థి ఆ వేదిక ఎక్కాడా, సభ ఖర్చు వాటా మనది. ఎన్నికల అధికారుల వీడియో బృందం కుర్చీలు లెక్కపెడుతుంది, కార్ల నంబర్లు రాసుకుంటుంది. కుర్చీకి ఇంత, షామియానాకు ఇంత, పలావు పొట్లానికి ఇంత అని జిల్లా ఎన్నికల అధికారి ముందే రేట్లపట్టిక ఇస్తారు. మనం రాసిన లెక్క ఒకటి, వాళ్ళు రాసుకున్న షాడో రిజిస్టర్ ఒకటి. ప్రచారంలో మూడుసార్లు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు.

ఒకసారి అభిమానులు క్రేనుకు యాపిల్ దండ కట్టి హీరోకు వేశారు. ఆ దండ కింద మా అభ్యర్థి కూడా తల వంచాడు. మర్నాడు పరిశీలకుడి ముందు నేను. "క్రేను అద్దె ఏదండీ?" "అది అభిమానులు పెట్టుకున్నదండీ." "దండ ఎవరి మెడలో ఉంది?" వీడియో ఆపి చూపించాడు. రాశాను. యాపిల్స్ కిలోల లెక్కన తూచి మరీ రాశాను.

క్రేనుకు గడి ఉంది, యాపిల్‌కు గడి ఉంది. హీరో ఊరికే వచ్చాడా, తీసుకుని వచ్చాడా అన్నదానికి మేము "ఉచితం" అని రాస్తే అదే చెల్లింది. నా అభ్యర్థి దగ్గర నిజంగానే ఉచితం. అందరి దగ్గరా అలాగే ఉంటుందని మాత్రం ప్రమాణం చేయను. మాటకు ధర ఉంటే ఆ ధర బయటపడాలి. హీరో బాధ్యత అక్కడి నుంచి మొదలవుతుందని ఈ గుమాస్తా అభిప్రాయం.

---

డాలస్ దొండపాదు · ఉదయం 7:48

మాకు ఇక్కడ శనివారం రాత్రి. పద్దు గారి యాపిల్ దండ చదివి మావారికి కూడా వినిపించాను.

ఇక్కడ 2024 అధ్యక్ష ఎన్నికల్లో ఇలాంటి లెక్కే పెద్ద గొడవైంది. టీవీ తార ఓప్రా విన్‌ఫ్రీ కమలా హారిస్‌తో ఒక కార్యక్రమం చేశారు. తర్వాత ఎన్నికల ఖర్చుల నివేదికల్లో ఓప్రా నిర్మాణ సంస్థకు 10 లక్షల డాలర్లు చెల్లించినట్టు కనిపించింది. అవి వేదిక, కెమెరాలు, సిబ్బంది ఖర్చులని, తాను సొంతానికి ఏమీ తీసుకోలేదని ఆమె చెప్పారు. నమ్మడం, నమ్మకపోవడం మన ఇష్టం. కాగితం మాత్రం బయట ఉంది, అడగడానికి వీలైంది.

అదే ఓప్రా 2008 ఎన్నికలకు ఒబామాకు మద్దతిస్తే, పార్టీ అభ్యర్థి ఎంపిక పోరులోనే సుమారు 10 లక్షల ఓట్లు అదనంగా వచ్చి ఉంటాయని ఇద్దరు ఆర్థికవేత్తలు అంచనా కట్టారు. ఆమె పత్రిక ఎక్కడ ఎక్కువ అమ్ముడవుతుందో చూసి కట్టిన లెక్క అది. చెన్నపట్నం గారు వినాలి.

నాకు నచ్చిన పద్ధతి గాయని టేలర్ స్విఫ్ట్‌ది. తాను ట్రంప్‌ను సమర్థిస్తున్నట్టు కృత్రిమ మేధతో చేసిన బొమ్మలు తిరిగాయి, ట్రంప్ స్వయంగా వాటిని పంచుకున్నారు. 2024 సెప్టెంబరు 10న ఆమె తన ఓటు హారిస్‌కు అని రాస్తూ, అబద్ధానికి విరుగుడుగా తన మాట తానే చెప్పుకోవలసి వచ్చిందన్నారు. నేను చదివి తెలుసుకుని నిర్ణయించుకున్నాను, మీరు చదువుకుని మీ నిర్ణయం మీరు తీసుకోండి అన్న అర్థంలో రాసి, ఓటరు నమోదు లింకు ఇచ్చారు. ఒక్కరోజులో 4,05,999 మంది ఆ లింకు మీదుగా ప్రభుత్వ వెబ్‌సైటుకు వెళ్ళారు. హారిస్ ఓడిపోయారు. ఆ లింకుతో పేరు నమోదైన పిల్లల్లో కొందరు ట్రంప్‌కూ వేసి ఉండవచ్చు.

---

రిటైర్డ్ పీవో · ఉదయం 8:15

దొంగ బొమ్మల మాట వచ్చింది కాబట్టి: మన దగ్గరా 2024లో ఆమిర్‌ఖాన్, రణ్‌వీర్ సింగ్ ఒక పార్టీ తరఫున మాట్లాడినట్టు వీడియోలు తిరిగాయి. ఇద్దరూ అవి తమవి కావని చెప్పి పోలీసులకు ఫిర్యాదు చేశారు. మా మనవరాలు చూపిస్తే నేను నిజమే అనుకున్నాను. అన్నీ తెలిసినవాడినని గర్వం నాకు.

---

గోరింటాకు · ఉదయం 9:30

నిన్నటి నుంచి చదువుతున్నాను. ఒక విషయం ఎవరూ ఎత్తలేదు.

మన హీరోలకు మాట్లాడే స్వేచ్ఛ ఎంత ఉంది? 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో సినిమా టికెట్ల ధరలు తగ్గిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 2022 ఫిబ్రవరి 10న చిరంజీవి, మహేశ్‌బాబు, ప్రభాస్, రాజమౌళి తాడేపల్లి వెళ్ళి ముఖ్యమంత్రిని కలవవలసి వచ్చింది. మార్చిలో కొత్త ధరలు వచ్చాయి. టికెట్ ధర ప్రభుత్వం చేతిలో, అదనపు ఆట ప్రభుత్వం చేతిలో. వందల కోట్ల సినిమా విడుదలకు ముందు ఏ హీరో అయినా అధికారంలో ఉన్నవారి గురించి పలికే ప్రతి మంచి మాటనూ నేను అనుమానంగానే వింటాను. ఆయన మౌనాన్నీ అలాగే వింటాను.

నా దృష్టిలో నంద్యాల వెళ్ళడం ధైర్యమే. సొంత కుటుంబం ఒకవైపు ఉంటే ఇంకోవైపు నిలబడ్డారు. దాని కోసం ఎన్ని తిట్లు తిన్నారో చూశాం. కుందూగట్టు గారి ప్రశ్న సరైనదే కానీ, లాభం లేని చోటికి వెళ్ళినవాడిని ముందుగా నిలదీసి, లాభం చూసుకుని పొగిడేవాళ్ళను వదిలేస్తే ఎలా?

---

కుందూగట్టు · ఉదయం 9:52

గోరింటాకు గారూ, ఈ కోణం నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. మేనల్లుడికి మీ పోస్టు చూపించను. రాత్రికి అన్నం తినడం మానేసి నా మీద గెలిచానని ఊరేగుతాడు.

---

పాలాభిషేకం · ఉదయం 11:05

నేను రాయకూడదనుకున్నాను. మాస్టారి పోస్టులో "మా హీరో గుర్తు ఏది" అన్న అమ్మాయి దగ్గర ఆగలేకపోయాను.

పధ్నాలుగేళ్ళు మా గోదావరి జిల్లాలో ఒక పట్టణ అభిమాన సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నాను. హీరో పేరు చెప్పను. ఆయన ఒక ఎన్నికల్లో మా నియోజకవర్గం అభ్యర్థికి మద్దతు ఇచ్చారు. రాష్ట్ర సంఘం నుంచి నాకు ఫోను వచ్చింది. "అన్నయ్య చెప్పారు, అందరూ దిగండి." అన్నయ్య నిజంగా ఎంత చెప్పారో, మధ్యవాళ్ళు ఎంత కలిపారో ఇప్పటికీ తెలియదు. అభ్యర్థిని నేను అంతవరకు చూడలేదు. నలభై మందిమి దిగాం. కటౌట్లు, బైకులు, ఇంటింటికీ కరపత్రాలు.

హీరో వచ్చింది ఒక్క సాయంత్రం. వాహనం మీద నుంచి పదకొండు నిమిషాలు మాట్లాడారు. నేను చేతి గడియారం చూశాను, ఎందుకంటే పాలు కాచే గిన్నె కింద పొయ్యి వెలుగుతోంది, సంఘం తరఫున టీ ఏర్పాటు. అభ్యర్థి పేరు ఒకసారి తప్పు పలికారు. ఎవరో అందిస్తే సరిదిద్దుకున్నారు. జనం దానికీ ఈలలు వేశారు.

మా వీధి చివర ఇస్త్రీ చేసే ఒకమ్మ ఉంది. "మీ హీరో చెప్పాడంటే నిజమే కదా బాబూ, మా సందుకు కుళాయి వస్తుందా?" అని అడిగింది. వస్తుందమ్మా అన్నాను. ఎవరిని అడిగి అన్నాను? కరపత్రంలో మంచినీళ్ళు అని ఉంది, అంతే.

అభ్యర్థి గెలిచాడు. హీరో తర్వాతి సినిమా షూటింగుకు వెళ్ళిపోయారు, ఆయన పని అది. ఎమ్మెల్యే హైదరాబాదులో ఉండేవాడు. ఆవిడకు అందుబాటులో మిగిలింది నేను. రెండు రోజులకోసారి ఆ సందులో నుంచి వెళ్ళాలి, నా చొక్కాలు ఆవిడ దగ్గరే ఇస్త్రీ. ప్రతిసారీ అడిగేది. కోపంతో కాదు, పాలవాడు బాకీ అడిగినట్టు. ఆర్నెల్లకు చొక్కాలు ఇంట్లోనే ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెట్టాను.

మొదటి ఆట తమ్ముడూ, హీరోకు బాధ్యత లేదు అన్నావు. సరే అనుకుందాం. అప్పుడు ఆ బాధ్యత గాలిలో కలిసిపోదు. పై నుంచి జారి జారి, ఆయన పేరు చొక్కా మీద అచ్చు వేయించుకుని తిరిగిన కుర్రాడి నెత్తిన పడుతుంది. వాడికి నెలకు వచ్చేది ఎంతో నీకూ తెలుసు.

---

మొదటి ఆట · ఉదయం 11:32

అన్నా, నేనూ సంఘంలోనే ఉన్నాను. మా ఊళ్ళో నన్ను కూడా అడుగుతున్నారు, కాలువ పూడిక గురించి.

హీరో హక్కు గురించి నేను అన్న మాట వెనక్కి తీసుకోను. అయితే మీ సంగతి వేరు. మాకు ఫోను వచ్చినప్పుడు అభ్యర్థి ఎవరు, ఏం చేస్తాడు అని ఎవరూ అడగలేదు. అడిగితే అభిమానం తక్కువైనట్టు చూస్తారు.

---

నల్లకోటు · ఉదయం 11:50

అయితే నా అరగంట ఇక్కడ పెట్టండి. సంఘానికి ఫోను వస్తే "అఫిడవిట్ పంపండి, చదివి దిగుతాం" అనండి. హీరోను ప్రశ్నించినట్టు కాదు, ఆయన చదవవలసినది ఆయన తరఫున మీరు చదివినట్టు.

---

లెక్కల పద్దు · మధ్యాహ్నం 12:10

చదివేటప్పుడు కేసుల పేజీతోపాటు ప్రభుత్వ బకాయిల గడి కూడా చూడండి. అందరూ ఆస్తుల దగ్గర ఆగిపోతారు. కరెంటు, నీళ్ళు, ప్రభుత్వ క్వార్టర్ అద్దె బాకీలు అక్కడ ఉంటాయి.

---

మల్లేశ్వరం మామయ్య · మధ్యాహ్నం 12:18

మరి హీరోగారు? ఆయన ఏం చేయాలో ఎవరూ తేల్చలేదు. నేనైతే మూడు అడుగుతాను: డబ్బు తీసుకున్నారా, అభ్యర్థి గురించి మీకు స్వయంగా తెలిసినది ఏమిటి, రేపు మనసు మారితే మాకు కూడా చెబుతారా. "స్నేహం" అన్నది రెండో ప్రశ్నకు మంచి జవాబే. స్నేహితుడిగా ఎలాంటివాడో చెప్పి, ఎమ్మెల్యేగా పనితీరు మీరే చూసుకోండి అని ఆగిపోతే నాకు అభ్యంతరం లేదు.

---

చెన్నపట్నం · మధ్యాహ్నం 12:25

అలా ఆగిపోతే ఆ అభ్యర్థి రెండోసారి పిలవడు.

---

డాలస్ దొండపాదు · మధ్యాహ్నం 1:02

నిద్రపోయే ముందు ఒక్క ప్రశ్న. పాలాభిషేకం గారూ, ఆ కుళాయి వచ్చిందా?

---

పాలాభిషేకం · మధ్యాహ్నం 1:40

వచ్చిందమ్మా. చాలా ఏళ్ళకు, ఇంకో ప్రభుత్వంలో, ఇంకో ఎమ్మెల్యే ఉండగా. మా హీరోకు గానీ, మేము గెలిపించినాయనకు గానీ దానితో ఏ సంబంధమూ లేదు.

నీళ్ళు వచ్చిన రోజు ఆవిడ నన్ను పిలిచి గ్లాసుతో ఇచ్చింది. "మీ హీరో మాట నిలబెట్టుకున్నాడు బాబూ" అంది. నేను తాగేసి వచ్చాను. ఇస్త్రీ చొక్కాలు మళ్ళీ అక్కడే ఇస్తున్నాను.